ఒక ఉప్పుగల్లు ఎక్కువ

అప్పలసూరికి ఉప్పు మానిపించి అప్పటికి నాలుగేళ్ళు. పద్నాలుగో ఏట నుంచీ నౌపడ ఉప్పు మడుల్లో చెక్కపలకతో ఉప్పు లాగిన మనిషి. వాడి భార్య తాయారు తన వంతు కూరలో కలుపుకోవడానికి చిన్న డబ్బాలో ఉప్పు పోసుకుని బియ్యం బస్తా వెనక దాచుకునేది. "ఈ ఇంటికి ఉప్పు మోసుకొచ్చినోణ్ణి నాను. నాకే దాసి తింటన్నాది సూడు బావా, దొంగది" అని నవ్వేవాడు. డబ్బా ఎక్కడుందో వాడికి తెలుసు. ఎప్పుడూ ముట్టుకోలేదు.

వాడు నా భార్య లక్ష్మణమ్మ తమ్ముడు. ఆవిడ కూడా అదే కిడ్నీ జబ్బుతో, వాడికి ఉప్పు మానిపించడానికి మూడేళ్ళ ముందు పోయింది.

మా వైపు ఊళ్ళలో కిడ్నీ జబ్బుకి ఒక అంకె ఉంటుంది. రక్తపరీక్ష కాగితంలో క్రియాటినిన్ అన్న మాటకి ఎదురుగా వేస్తారు. అది పెరిగేకొద్దీ జబ్బు ముదిరినట్టు. బస్సులో ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే వానల గురించి అడిగినంత మామూలుగా "నీదెంత?" అని అడుగుతారు. దీంతోపాటు ఇంకో అలవాటు కూడా ఉంది. కాగితం తెచ్చినవాడు రోగికి ఆ అంకెను సగం చేసి చెబుతాడు. ఎనిమిదైతే నాలుగంటాడు. ఎవరూ ఎవరికీ నేర్పలేదు, అందరూ చేస్తారు. నేను విజయనగరంలో ఫిజిక్స్ చదివి, కోటబొమ్మాళి జూనియర్ కాలేజీలో ఇరవై ఎనిమిదేళ్ళు పాఠం చెప్పినవాణ్ణి. కొలతలో పొరపాటు ఎంతవరకు ఉండొచ్చో ఏటేటా పిల్లలకి బోర్డు మీద రాసి చూపించినవాణ్ణి. నేనూ అదే చేశాను. లక్ష్మణమ్మది తొమ్మిది. నాలుగున్నర అని చెప్పాను. "నాలుగున్నరే కదా, వేసవి సెలవులకి తమ్ముడి దగ్గరికి ఎల్దాంలే" అంది ఆవిడ. వేసవి దాకా ఉండలేదు. కోటబొమ్మాళి నుంచి నౌపడ ఎంత దూరమని.

పదకొండో రోజు భోజనాలయ్యాక అప్పలసూరి నాతో ఒక్క మాట అన్నాడు. "నిజం సెప్పుంటే అక్క ఒకసారి వచ్చి మా ఇంట్లో వారం రోజులుండీది బావా." తిట్టలేదు. ఆ తరవాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

రిటైరయ్యాక నేను నౌపడ వచ్చి వాళ్ళ వీధిలోనే ఒక డాబా ఇల్లు అద్దెకు తీసుకున్నాను. వాడిని వారానికి మూడుసార్లు టెక్కలిలో డయాలసిస్‌కి తీసుకెళ్ళే మనిషి కావాలి. అది ఒక కారణం. ఆ డాబాకి తూర్పునా దక్షిణానా ఉప్పు మడులే తప్ప దీపాలు లేకపోవడం రెండోది. ఎనిమిది అంగుళాల అద్దం ఉన్న టెలిస్కోపు, దానికో కెమెరా కొనుక్కున్నాను. పొద్దు గూకాక మూడు గంటలపాటు ఆకాశంలో దూరదూరంగా ఉన్న గెలాక్సీలను ఒక్కొక్కదాన్నీ ఫొటో తీస్తాను. రాత్రికి అరవై. వాటిని అంతకు ముందెప్పుడో తీసిన ఫొటోల పక్కన పెట్టి, పాతది, కొత్తది, పాతది, కొత్తది అని మార్చి మార్చి చూడాలి. ఎక్కడైనా ఒక నక్షత్రం బద్దలైతే పాత ఫొటోలో లేని చుక్క కొత్తదాంట్లో కనిపిస్తుంది. అంతే పని. నాలుగేళ్ళలో నాకు దొరికింది ఒక్కటి. అదీ సూపర్నోవా కాదు, మన సూర్యుడి చుట్టూ తిరిగే ఒక రాయి, దారిన పోతూ అక్కడ అడ్డొచ్చింది. అప్పలసూరి దానికి పురుగు అని పేరు పెట్టాడు.

డయాలసిస్ నాలుగు గంటలు. వాడు కుర్చీలో వాలి ఉంటే నేను పక్కన స్టూలు మీద ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ముందురోజు ఫొటోలు చూసుకునేవాణ్ణి. మొదట్లో కాలక్షేపానికి వాడూ చూసేవాడు. తరవాత నాకంటే వాడే ఎక్కువ చూసేవాడు. మడిలో ఉప్పు పేరుకునేటప్పుడు మొదటి గల్లు ఎక్కడ కట్టిందో నీళ్ళ మీదినుంచి కనిపెట్టిన కళ్ళు అవి.

ఆ రోజు మార్చి నెల మొదటి మంగళవారం. నర్సు పద్మకుమారి వాడి మెడ దగ్గరి గొట్టాన్ని మిషన్‌కి తగిలించి, అడక్కుండానే కాళ్ళ మీద దుప్పటి కప్పి వెళ్ళింది. రక్తం బయట తిరిగి వస్తుంటే ఒళ్ళు చల్లబడుతుందని ఆ అమ్మాయికి ఎవరూ గుర్తు చెయ్యనక్కరలేదు. వాడి రెండు చేతుల్లోనూ డయాలసిస్ కోసం కోసి కలిపిన రక్తనాళాలు మూసుకుపోయి అప్పటికి ఎనిమిది నెలలు. మెడ కూడా పనికిరాకపోతే తొడ, ఆ తరవాత ఇంకేం లేదని డాక్టరు నాకు చెప్పాడు. వాడికీ అదే మాట చెప్పాడు.

ముప్ఫయ్యో ఫొటోనో ముప్ఫై ఒకటో.

"ఆగు బావా. ఇక్కడ ఒక ఉప్పుగల్లు ఎక్కువున్నాది."

"ఎక్కడ?"

"ఇదిగో, ఈ పొగలాగున్నదాని పక్కన. మార్సు."

మార్చాను. పాతది. కొత్తది. పాతది. కొత్తది. సింహరాశిలో ఏడు కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గెలాక్సీ అది. దానికి పేరు లేదు, నంబరు ఉంది. కొత్త ఫొటోలో దాని అంచున ఒక సన్న చుక్క.

"పురుగేమో" అన్నాను. 

"పురుగైతే నడుస్తాది కదా. నిన్న దీన్ని ఎంతసేపు తీసినావు?"

"రెండు నిమిషాలు."

"రెండు నిమిషాల్లో నాను కూడా నడవను. సాలదు. ఇయాల సీకటి పడ్డాక మళ్ళీ తియ్యి. కదిలిందంటే పురుగు, కదలకపోతే సుక్క." వాడు దుప్పటి పైకి లాక్కున్నాడు. "బద్దలైపోనాదన్నమాట. ఎప్పుడూ?"

"ఏడు కోట్ల ఏళ్ళ కిందట. ఆ వెలుగు నిన్న మన డాబా మీదికి వచ్చింది."

"అంటే దాని దినాలు కూడా అయిపోయుంటాయి. మనకి కబురు ఇప్పుడొచ్చింది" అన్నాడు.

ఆ సాయంత్రం చుక్క అక్కడే ఉంది. వెంట్రుకవాసి కదల్లేదు. పైగా కొంచెం పెరిగింది. తెలిసిన రాళ్ళ పట్టికలు చూశాను, ఆ చోట ఏ రాయీ లేదు. ఇలాంటివి తెలియజేయడానికి ప్రపంచమంతటికీ కలిపి ఒక వెబ్‌సైటు ఉంది. అందులో కనిపెట్టినవాళ్ళ పేర్లన్నచోట అప్పలసూరి పేరు ముందూ నా పేరు వెనకా రాసి పంపాను. మర్నాడు దానికి తాత్కాలికమైన పేరొకటి ఇచ్చారు. అది ఇంకా అనుమానం కిందే లెక్క. పెద్ద టెలిస్కోపుతో ఎవరైనా ఆ వెలుగును రంగులుగా విడదీసి చూసి, అవును, ఇది బద్దలైన నక్షత్రమే అని రాస్తేనే నిర్ధారణ.

నా దగ్గర ఇంటర్ చదివిన ధర్మేంద్ర దక్షిణాన ఒక కొండ మీద అలాంటి టెలిస్కోపు దగ్గర పనిచేస్తున్నాడు. ఫోన్ చేశాను.

"సార్, నాకైతే నిజమే అనిపిస్తోంది. కానీ మా అద్దం కడగడానికి విప్పారు. వేరేచోట ఎవరో ఒకరు తీస్తారు. రెండు రోజులు పట్టొచ్చు, పది రోజులు పట్టొచ్చు."

గురువారం ఆ మాట అప్పలసూరికి చెప్పాను. "అద్దం కడుక్కోడానికి పది రోజులేటి?" అన్నాడు. కానీ వాడి చూపు ఎదురుగా ఖాళీగా ఉన్న కుర్చీ మీద ఉంది. అందులో కూర్చునే కవిటి నుంచి వచ్చే ముసలాయన ముందురోజు పోయాడు. ఆ కుర్చీ మీద అప్పుడే కొత్త దుప్పటి పరిచి ఉంది.

శనివారం వాడు రాలేదు. ఆటో ధనరాజు వీధిలో హారన్ కొట్టి కొట్టి, "మాస్టారూ, మీ బావమరిది తలుపు తియ్యట్లేదు" అని నా దగ్గరికొచ్చాడు. నేను వెళ్ళాను. లోపల్నుంచి "ఎల్లిపో బావా" అన్న మాట తప్ప ఇంకేం రాలేదు. ఆదివారం మళ్ళీ వెళ్ళేసరికి వాడు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ముఖం ఉబ్బింది. మాటకీ మాటకీ మధ్య ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. తాయారు గుమ్మంలో కూర్చుని ఏడవడం కూడా మానేసి చూస్తోంది.

"నానొల్ల బావా. నాలుగేళ్ళు. వారానికి మూడు రోజులు మిషనుకి, మూడు రోజులు మిషను తరవాత ఒళ్ళు తేరుకోడానికి. మిగిలిందొక్క సోమారం. రేపేమో మెడ, మర్నాడు తొడ. ఆ ముసలోడు సూడు, నవ్వుతానే పోనాడు. ఇంక నన్నొగ్గీ."

"నువ్వలా అంటే తాయారు ఏమైపోతుంది?"

"దాన్నడుగు. నా కాళ్ళు పిసికి పిసికి దాని సేతులు పోనాయి."

"నాకేటీ పోలేదు" అంది తాయారు.

అప్పుడు నోటికొచ్చింది అన్నాను. "చుక్క సంగతి తేలలేదు కదరా. కనిపెట్టింది నువ్వు. అదేమిటో తెలుసుకోకుండానే పోతావా?"

వాడు గోడ వదిలి ముందుకు వంగాడు. చెయ్యి చాపాడు.

"సరే. అది తేలీదాకా ఒస్తాను. తేలిన మర్నాటి నుంచి నన్నెవరూ అడగకూడదు. నువ్వడక్కూడదు, దీంతో అడిగించకూడదు. అక్క మీద ఒట్టెయ్యి."

వాడి అరచేతిలో చెయ్యి వేశాను. చర్మం నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. ఆ సాయంత్రమే ధనరాజు ఆటోలో టెక్కలి తీసుకెళ్ళాను. రైల్వే గేటు దగ్గర పట్టాల మీద ఆటో ఎగరకుండా ధనరాజు దిగి, ఇంజను ఆపి, భుజం పెట్టి నెట్టుకుంటూ దాటించాడు. ఎవరూ చెప్పలేదు అతనికి.

తరవాతి శుక్రవారం పొద్దున్న ధర్మేంద్ర నుంచి సందేశం వచ్చింది. సముద్రాల అవతల ఎవరో ముందురోజు రాత్రి వర్ణపటం తీశారు. నిజంగా సూపర్నోవాయే. ఇంకా పూర్తి వెలుగుకి రాకముందే పట్టుకున్నారు సార్, మీకూ ఆయనకీ అభినందనలు అని రాశాడు. వెబ్‌సైటులో దాని పేరు ముందు ఉన్న అనుమానపు అక్షరాలు తీసేసి ఖాయపు అక్షరాలు పెట్టారు. కింద వాడి పేరు ఉంది. అప్పలసూరి, నౌపడ.

ఆ కాగితం ప్రింటు తీయించుకుని సంతోషంగానే బయల్దేరాను. నిజం చెప్పాలంటే వాడికి ఇచ్చిన మాట ఆ నాలుగు అడుగులూ నాకు గుర్తు లేదు. నా ముఖం చూసి తాయారుకే గుర్తొచ్చింది. ముంగిట్లో చీపురు వదిలేసి నాకు అడ్డంగా వచ్చింది.

"తేలిపోనాదా అన్నియ్యా?"

నేను తల ఊపాను. ఊపాక అర్థమైంది.

"సెప్పకు." గొంతు తగ్గించింది. లోపల వాడు దగ్గుతున్నాడు. "నీ కాళ్ళట్టుకుంటాను. ఇంకా తేలలేదని సెప్పు. మబ్బులని సెప్పు. ఆయనకేటి తెలుస్తాది?"

కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాను.

శనివారం, విదేశంలో టెలిస్కోపు ఉన్నచోట మబ్బులన్నాను. మంగళవారం కూడా మబ్బులే. "ఆళ్ళ దేశంలో ఎప్పుడూ మబ్బులేనేటి? మనకి పంపమను, మడులు సల్లబడతాయి" అన్నాడు అప్పలసూరి. గురువారం టెలిస్కోపు పాడైందన్నాను. అబద్ధానికి ఇంత సామాను కావాలని అంతకుముందు నాకు తెలీదు. లక్ష్మణమ్మకైతే ఒక్క అంకెతో సరిపోయింది.

ఆ గురువారం మిషను మీద ఉండగా వాడికి బీపీ పడిపోయింది. పిక్కలు పట్టేశాయి. పళ్ళ బిగువున అరవకుండా ఉండాలని చూసి, ఉండలేక, అమ్మా అని పెద్దగా అరిచాడు. పద్మకుమారి పరుగెత్తుకొచ్చి మిషను తగ్గించి, వాడి రెండు అరికాళ్ళనూ తన పొట్టకు ఆనించుకుని నొక్కి పట్టుకుంది. పది నిమిషాలు అలాగే నిలబడింది. నా జేబులో ఆ కాగితం ఉంది.

శనివారం ఫొటోలు చూస్తుంటే మా చుక్క దగ్గర ఆపమన్నాడు.

"ఇది తగ్గుతన్నాది బావా."

"ఏమో."

"ఏమో కాదు. మొన్న మంగళారం దీని పక్క సుక్క కంటే ఇది పెద్దది. ఇప్పుడు రెండూ ఒకటే. పెరిగి, నిలబడి, తగ్గుతన్నాది. సూపర్నోవా ఐతే అలగే అవుతాదని నువ్వే సెప్పినావు." వాడు తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "కాయితం రాలేదా ఇంకా?"

"లేదు."

 నేను ల్యాప్‌టాప్‌లో తరవాతి ఫొటో వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను.

"సరే" అన్నాడు.

మంగళవారం వాడు ఏమీ అడగలేదు. ఫొటోలు కూడా చూడలేదు. దుప్పటి గెడ్డం దాకా లాక్కుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. పాతది, కొత్తది అని నేనొక్కణ్ణే మార్చుకుంటూ కూర్చున్నాను. అరవై గెలాక్సీలూ అయిపోయాయి గానీ ఒక్కటి కూడా నా కంటికి ఆనలేదు. ఇంటికి దింపేటప్పుడు, "ఎల్లుండొస్తావా?" అని వాడే నన్నడిగాడు. నాలుగేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. నేను రాకపోవచ్చనే అనుమానం వాడికి ఎందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు. బహుశా వాడు అడిగింది అది కాదు.

ఆ రాత్రి డాబా ఎక్కలేదు. లక్ష్మణమ్మ రిపోర్టులున్న ఫైలు తీశాను. తొమ్మిది అని ఉన్న కాగితం పైన ఉంది. ఆవిడ పోవడానికి నెల ముందు అడిగింది, "నిజంగా నాలుగున్నరేనా?" అని. అడిగిన తీరు నాకిప్పటికీ వినిపిస్తుంది. అవునన్నాను. ఆవిడా "సరే" అంది.

బుధవారం తాయారుకి చెప్పాను, చెప్పేస్తానని. ఆవిడ రోట్లో ఏదో నూరుతోంది, ఆపలేదు. "నీ ఇష్టం. నీకు పెళ్ళాం పోయింది గాబట్టి నాకు మొగుడు పోవాలేటి?" అంది.  

గురువారం పొద్దున్న ఆటో ఎక్కాం. రైల్వే గేటు దాటాక, మడులు మొదలయ్యే చోట ధనరాజుని ఆపమన్నాను. ఎండ అప్పుడే తెల్లగా ఉంది. మడుల్లో ఆడవాళ్ళు ఉప్పు కుప్పలు చేస్తున్నారు. జేబులోంచి కాగితం తీసి అప్పలసూరికి ఇచ్చాను. మడతల దగ్గర చిరుగుతోంది. వాడు ఇంగ్లీషు చదవలేడు గానీ తన పేరు ఎక్కడున్నా గుర్తుపడతాడు. వేలు పెట్టి చూపించాను.

"ఎప్పుడొచ్చింది?"

"మొన్నటి శుక్రవారం కాదు, ఆ ముందుది."

వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. "ఐదుసార్లు."

"అవును."

"ఆ పిక్కలట్టీసిన రోజు కూడా?"

"ఆ రోజు కూడా."

ధనరాజు ఆటో దిగి దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. అప్పలసూరి కాగితాన్ని మోకాలి మీద పెట్టి చేత్తో సాపు చేశాడు. మడుల్లోకి చూస్తూ, "ఆ మూడో మడిలో బేగి లాగీస్తన్నారు. ఇంకో రెండు రోజులుంటే గల్లు ముదిరీది" అన్నాడు. కాసేపటికి మళ్ళీ, "నాకైతే సెప్పినావు" అన్నాడు.

కాగితాన్ని తనే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇయాలకి ఎల్దాం పద. ఆ నర్సమ్మకి సెప్పి రావాల. సెప్పకుండా మానీస్తే ఆ గుంటపిల్ల కుర్సీ సర్ది ఎదురు సూస్తాది."

ఆ రోజు నాలుగు గంటలూ కూర్చున్నాడు. అయిపోయాక పద్మకుమారితో, "మళ్ళీ రానమ్మా, నా పని తేలిపోనాది" అన్నాడు. ఆ అమ్మాయి నావైపు చూసింది. నేను వేసిన ఒట్టు ప్రకారం ఏమీ అడగలేదు, ఏమీ చెప్పలేదు. ఆ అమ్మాయి వాడి మెడ దగ్గర కట్టు మామూలుకంటే నెమ్మదిగా వేసి, దుప్పటి మడతపెట్టి వాడి చేతికే ఇచ్చింది. తీసుకెళ్ళమంది.

ఇంటికి వెళ్ళగానే వాడు నడుచుకుంటూ బియ్యం బస్తా దగ్గరికి వెళ్ళి, వెనకనుంచి డబ్బా తీసి తాయారు ముందు పెట్టాడు.

"ఎండుసేప వండు. మామూలుగా వండు."

తాయారు ఆ డబ్బా వైపే చూస్తూ కూర్చుంది. తరవాత లేచి వండింది. నన్నూ ఉండమన్నాడు, ముగ్గురం తిన్నాం. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని వాడు నమలడం ఆపి అలాగే ఉండిపోయాడు. ఎక్కువైందేమోనని తాయారు భయపడింది.

"సరిపోనాది" అన్నాడు.

ఎనిమిది రోజులున్నాడు. మొదటి మూడు రోజులు వీధి అరుగు మీద కూర్చుని వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ పలకరించాడు. ఎవరు నీదెంతని అడిగినా, "నాది సింహరాశిలో ఉన్నాది, మా బావనడుగు" అనేవాడు. ఒక సాయంత్రం ధనరాజూ నేనూ కలిసి వాణ్ణి భావనపాడు సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళి ఇసకలో కూర్చోబెట్టాం. తాయారు రానంది. ఐదో రోజు నుంచి ఊపిరి కష్టమైంది. నెమ్మదిగా పోయాడని రాస్తే అది మళ్ళీ సగం అంకె అవుతుంది. ఆఖరి రెండు రోజులు కష్టపడ్డాడు. పద్మకుమారి చెప్పిన మందు వాడితే కొంత నయమనిపించింది. శుక్రవారం తెల్లవారుతుండగా పోయాడు. తాయారు ఒళ్ళో తల ఉంది, కాళ్ళ మీద ఆస్పత్రి దుప్పటి ఉంది.

దినాలన్నీ అయ్యేదాకా తాయారు నాతో మాట్లాడలేదు. పదకొండో రోజు ఆకు ముందు కూర్చున్నప్పుడు వడ్డిస్తూ నా దగ్గరికొచ్చేసరికి ఆగింది. "ఇంకో నెల దాస్తే నీ సొమ్మేటి పోనాదన్నియ్యా?" అంది, అందరూ వినేలాగే. వడ్డించి వెళ్ళిపోయింది. నేను తిన్నాను. తినకుండా లేస్తే ఆవిడని ఇంకా బాధ పెట్టినట్టవుతుందనిపించింది.

వాడు పోయాక కూడా చుక్క ఉంది. మబ్బు లేని ప్రతి సాయంత్రం దాన్ని ఫొటో తీసి, వెలుగు ఎంత తగ్గిందో కొలిచి వెబ్‌సైటుకి పంపేవాణ్ణి. వాడి పేరుమీదే పంపేవాణ్ణి. ఏప్రిల్ చివరికి పక్క చుక్క కంటే బాగా చిన్నదైంది. మే నెలాఖరుకి, వాడిలాంటి కళ్ళుంటే తప్ప పట్టుకోలేనంత అయింది. నైరుతి మబ్బులు సముద్రం మీద కడుతున్నాయి. ఇంకో వారమైతే ఆ సంవత్సరానికి ఇక ఫొటోలుండవు.

అప్పుడొక మధ్యాహ్నం తాయారు వచ్చింది. గిన్నెలో చారు తెచ్చి బల్ల మీద పెట్టింది. చాలాసేపు గోడమీది కేలెండరు చూసింది.

"ఏదీ అది, ఒకసారి సూపించు."

ల్యాప్‌టాప్ తెరిచాను. పాత ఫొటో పెట్టాను. తరవాత ముందురోజు తీసింది పెట్టాను. పాతది. కొత్తది. నాకే సరిగా ఆనడం లేదు. తాయారు కొంగుతో కళ్ళు తుడుచుకుని ముందుకు వంగి, వేలు తెరమీద ఆనించింది.

"ఇదే కదా? ఎంత బాగా కనిపిస్తన్నాది."

ఆవిడ వేలు కింద ఉన్నది పక్క చుక్క. అది మన గెలాక్సీలోనే ఉన్న మామూలు నక్షత్రం. పాత ఫొటోలోనూ ఉంది, ఎప్పటికీ ఉంటుంది. అవునంటే సరిపోయేది. ఆవిడ ముఖంలో రెండు నెలల తరవాత మొదటిసారి కొంచెం తెరిపి ఉంది. నా నోటి దాకా వచ్చింది కూడా.

"కాదమ్మా" అన్నాను. "దాని పక్కన. ఎడమవైపు. చాలా సన్నగా ఉంటుంది, తొందరగా దొరకదు."

ఆవిడ వేలు తీసేసింది. లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. కుర్చీ ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది.

"మార్సు" అంది.